పధ్నాలుగేళ్ళు వెనకబడ్డ గది

మరిది ఒక్కడు పిలవాల్సిన పిలుపు వీధంతా పట్టుకోవడంతో ఆవిడ అందరికీ వదినే అయిపోయింది. పొద్దున తొమ్మిదయ్యేసరికి ముందుగదిలో పాత కంప్యూటర్ ఆన్ చేసి, మిషన్ మీద కుట్టే పువ్వులూ, బడి బట్టల మీది గుర్తులూ గీస్తుంది. ఆ కుట్టు మిషన్ ఈ కంప్యూటర్ మాట తప్ప ఇంకెవరి మాటా వినదు కాబట్టి కొత్తది కొనే ఊసే లేదు.

కంప్యూటర్ లోపలి సెల్లు ఎప్పుడో చచ్చిపోయింది. అందుకని ఆన్ చేసిన ప్రతిసారీ పధ్నాలుగేళ్ళ కిందటి జనవరి ఒకటో తారీఖు చూపిస్తుంది. గదిలోనూ అదే తారీఖు. గడప దాటి లోపలికొస్తే వదిన జుట్టు నల్లబడుతుంది, బయటికెళ్తే మళ్ళీ నెరుస్తుంది. ఆవిడ భర్తది బట్టతల. ఆయన రోజూ దువ్వెన పట్టుకుని వచ్చి, పాపిడి తీసుకుని, కాసేపు అద్దంలో మురిసిపోయి వెళ్తాడు. మోకాళ్ళ నొప్పులున్న ఇరుగుపొరుగు కూడా ఏదో కుట్టుపని వంక పెట్టుకుని వచ్చి కూర్చుంటారు. సెల్లు మార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఇంతలో బడి బట్టల కొట్టాయన కబురు పెట్టాడు. ఇకమీదట గుర్తులన్నీ మెయిల్లోనే వస్తాయట, కాగితాలు పంపరట. ఆ కొట్టు చేజారితే వదిన పనిలో ముప్పాతిక పోయినట్టే.

పాత కంప్యూటర్‌కి నెట్ రావడానికి మరిది ఒక వైఫై అడాప్టర్ పట్టుకొచ్చాడు. బొటనవేలి గోరంత ఉంది.

"పాతవాటికి ఇంతకంటే చవకైన ఉపాయం లేదు వదినా!"

తీరా చూస్తే దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ నెట్‌లో ఉంది, నెట్ రావాలంటే ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. మరిది ఇంటికి పరిగెత్తి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాడు. అది ఎక్కించి అడాప్టర్ ముందువైపు గుచ్చితే ఉలుకూ పలుకూ లేదు. వెనకవైపు గుచ్చాక నీలం దీపం మిణుకుమంది. కానీ మెయిల్ మాత్రం తెరుచుకోలేదు. కంప్యూటర్ తారీఖు తప్పంటూ మొండికేసింది.

"ఇవాళ్టి తారీఖు కొడితే తెరుచుకుంటుంది" అని మరిది నసిగాడు.

భర్త చెయ్యి దానంతటదే జుట్టు మీదికి పోయింది. వదినకి నిజంగానే భయమేసింది. ఈ గదిలో దారప్పోగులు లెక్కపెట్టగలదు గానీ, బయట గోడ గడియారం కూడా సరిగ్గా కనపడదు. ఇన్నాళ్ళూ బల్బులే నాసిరకమని తిట్టిపోసింది.

అయినా కొట్టు గుర్తొచ్చి తారీఖు కొట్టింది. జుట్టు నెరిసింది. మెయిల్ తెరుచుకుంది. తెర మీద మాత్రం అంతా పొగే.

"తెర తుడవండీ, ఏమీ కనపడట్లేదు."

భర్త తుడిచాడు. "శుభ్రంగానే ఉందే!"

ఒక్కసారి ఆపి ఆన్ చేస్తే మళ్ళీ జనవరి వచ్చేస్తుంది. వదిన చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది. బట్టతల తిరిగొచ్చిన ఆయన ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళని జనవరిలో దాక్కుంటావోయ్? పద, కళ్ళ డాక్టరు దగ్గరికెళ్దాం."

"రెండు కళ్ళకీ శుక్లాలమ్మా. ఇంకా నాన్చి ఉంటే ముదిరిపోయి చాలా కష్టమయ్యేది" అన్నాడు డాక్టరు. ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళకీ ఆపరేషన్ అయింది. ఈలోగా మరిది కంప్యూటర్లో కొత్త సెల్లు వేశాడు. విషయం తెలిసి కొట్టాయన నెల్లాళ్ళు ఓపిక పట్టాడు.

వదిన మళ్ళీ కుర్చీలో కూర్చున్న పొద్దున, మెయిల్లో వచ్చిన బడి గుర్తులో ప్రతి పోగూ విడివిడిగా కనిపించింది. ఆవిడకి పట్టరాని సంతోషమేసింది. తల తిప్పి చూస్తే అలవాటు కొద్దీ దువ్వెన పట్టుకొచ్చిన భర్త, గడప దగ్గర నాలుక్కరుచుకుని వెనక్కి మళ్ళుతున్నాడు.

"రండి, ఆ ఉన్న నాలుగూ నేను దువ్వుతాను."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. వదిన ఆయన గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకి తిప్పింది.

"ఈ ముడతలన్నీ ఎప్పుడొచ్చాయండీ?"

"నువ్వు జనవరిలో ఉన్నప్పుడు."