పెద్దింటి గుమ్మం

పొద్దున్నే టిప్పరు వచ్చి కూల్చిన ఇళ్ళ శిథిలాలు కుమ్మరించి వెళ్ళేసరికి అళగమ్మాళ్ కొంగు ముక్కుకు చుట్టుకుని, సుత్తి పట్టుకుని సిద్ధంగా ఉండేది. విరుదునగర్ దాటాక సాత్తూరు రోడ్డు పక్కన ఉందా యార్డు. పాత ఇటుకలకు పట్టిన సున్నం రాలగొట్టి, పగలనివాటిని వేరుగా పేర్చడం ఆడవాళ్ళ పని. పగిలిన ఇటుకలూ కాంక్రీటు పెచ్చులూ మిషనులో నలిగి, అచ్చుల్లో పడి, బాటల మీద పరిచే రాళ్ళుగా మళ్ళీ బయటికి వచ్చేవి. మిగతా ఆడవాళ్ళు కూర్చుని కొట్టేవారు. అళగమ్మాళ్ మాత్రం ఎత్తు బల్ల మీద ఇటుక పెట్టుకుని నిలబడే కొట్టేది. వెంబకోట్టై దగ్గర టపాసుల షెడ్డు పేలినప్పుడు ఆమె వీపంతా కాలింది. పుండ్లు మానాక చర్మం మెడ నుంచి నడుం దాకా చెక్కలా బిగుసుకుపోయింది. ఇక ఆమె నడుం వంగలేదు.

ఎవరూ పని ఇవ్వనివాళ్ళకే ఇక్కడ పని అని గేటు మీద బోర్డు ఉండేది. అది అబద్ధం కాదు. కాలినవాళ్ళూ, కుంటివాళ్ళూ, మొగుళ్ళు వదిలేసినవాళ్ళూ, ఊరి చివరి కాలనీలవాళ్ళూ అందరూ ఉండేవారక్కడ. మేనేజరు శరవణకుమార్ కోయంబత్తూరు మనిషి. మంచివాడు. ఎవరినీ కసురుకోడు, ఎవరి పేరూ మరిచిపోడు.

ఆఫీసు గుమ్మంతోనే వచ్చింది చిక్కు.

కోవిల్‌పట్టి అవతల నల్లరేగడి ఊళ్ళో రంగసామి అనే భూస్వామి పెద్దిల్లు కూల్చినప్పుడు ఆ ద్వారబంధం యార్డుకు వచ్చింది. టేకుది. నిలువు చెక్కల మీద చిలకలు, పైపట్టె మీద తామర పువ్వు. శరవణకుమార్ దాన్ని చూసి ముచ్చటపడి, అదే ఊరి ఇటుకలతో దాని చుట్టూ ఆఫీసు గది కట్టించాడు. మొదటి రోజు ఇటుకలు కొట్టే రాక్కమ్మాళ్ గుమ్మం బయట తన ఊరూ వీధీ చెప్పి, వేలిముద్ర వేయడానికి లోపలికి పోబోతే పైపట్టె నెమ్మదిగా ఆమె రొమ్ము దాకా దిగింది. ఆమె వంగి దూరింది. దాటగానే పట్టె యథాస్థానానికి పోయింది. వెనకాల వచ్చిన అకౌంటెంటు నిటారుగా నడిచిపోయాడు.

ఎవరూ అబ్బురపడలేదు. కాలనీవాళ్ళందరికీ పట్టె దిగేది, మిగతావాళ్ళకు దిగేది కాదు. అళగమ్మాళ్‌ది రంగసామి ఊరే. ఆ పెద్దింట్లో మాట్లాడిందీ తెలుగే, కాలనీలో మాట్లాడిందీ తెలుగే. అయినా ఆ ఇంటి ముందు ఆమె అమ్మ నిలబడిన చోటు చింతచెట్టు అవతల. గుమ్మం దాకా వచ్చిన కాలనీ మనిషి అంతవరకూ ఎవరూ లేరు, అందుకే ఆ గుమ్మానికి ఈ అలవాటుందని ఊళ్ళోనూ తెలియలేదు.

మిగిలినవాళ్ళు వంగి పోయి వచ్చేవారు. వంగలేని అళగమ్మాళ్‌కు అన్నీ కిటికీలోంచే. "అక్కా, ఇక్కడికే తెచ్చిస్తాలే" అనేవాడు అకౌంటెంటు ప్రేమగానే. ఒకసారి ఫారిన్ నుంచి వచ్చినవాళ్ళు ఆఫీసులోంచి ఒకరి వెనక ఒకరు వంగి బయటికి వస్తున్న ఆడవాళ్ళను చూసి, తమకు నమస్కారం పెడుతున్నారనుకుని, తామూ వంగి దండం పెట్టారు. ఆ ఫొటో గోడకెక్కింది.

అళగమ్మాళ్ కూతురు జోతి చిన్నప్పటి నుంచీ మదురైలో హాస్టల్లో చదివింది. పాలిటెక్నిక్‌లో సివిల్ ముగించింది. పాత కాంక్రీటుతో కొత్త రాళ్ళు చేయడం మీదే ఆమె ప్రాజెక్టు. యార్డులో ఇంజనీరు కావాలని తెలిసి తనే దరఖాస్తు పెట్టుకుంది. శరవణకుమార్ ఇటుకల గుట్ట దాకా నడిచి వచ్చి, "మీ అమ్మాయే ఎంపికైందమ్మా" అని తమిళంలో చెప్పినప్పుడు అళగమ్మాళ్ సంతోషపడకముందే భయపడింది.

"సార్, ఆ మాట ఆఫీసులో అనొద్దు. ఆ గుమ్మానికి వినపడితే పాప వంగాల."

ఆయనకు వెంటనే అర్థమైంది. పోయిన ఏడు ఒక లారీ డ్రైవరు నిటారుగా లోపలికి పోయాడు. కూర్చుని కబుర్లాడుతుంటే ఎవరో అతని ఊరూ వీధీ అడిగారు. తిరిగి వచ్చేటప్పుడు వంగి రావాల్సి వచ్చింది. గుమ్మానికి చూపు లేదు, చెవులే ఉన్నాయి.

"చెప్పనమ్మా. ఎవరూ చెప్పరు" అన్నాడాయన.

జోతి ఒప్పుకోలేదు. "ఆ గుమ్మం పీకేస్తే పోదా సార్?" అని ఆయన్నే అడిగింది.

"ముందుగోడ బరువంతా దాని మీదే ఉంది జోతీ. పైగా వచ్చినవాళ్ళంతా ముందు దాన్నే చూస్తారు. మన యార్డు గుర్తే అదైపోయింది" అన్నాడు ఇబ్బందిగా.

ఆ సాయంత్రం ఇంట్లో అళగమ్మాళ్ కూతురి గడ్డం పట్టుకుంది. "ఆడ నన్ను అమ్మ అనొద్దు. ఊరు పేరు ఎత్తొద్దు. నీ పని నువ్వు చూసుకో. నువ్వు తల ఎత్తుకొని లోపలికి పోతే నాకు చాలు."

"ఏంటికిమా ఇట్ల బతికేది?"

"ఏంటికో నాకు తెలీదు. నా వీపు వంగదు, నీదీ వంగకూడదు. అంతే."

మొదటి రోజు యార్డంతా చేతిలో పని ఆపేసి చూసింది. జోతి ఇస్త్రీ చేసిన చుడీదారులో గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, అడుగేసింది. పైపట్టె కదల్లేదు. రాక్కమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అళగమ్మాళ్ మాత్రం ఇటుక మీద సుత్తి దెబ్బ తప్పి వేలు నలగ్గొట్టుకుంది.

అప్పటి నుంచి యార్డులో అందరిదీ ఒకటే జాగ్రత్త. ఆఫీసు దరిదాపుల్లో జోతిని మేడమ్ అనేవారు. ఆమె ఏం తిందో, ఎక్కడుంటుందో అడిగేవారు కాదు. జోతి పని బాగా చేసింది. ఆమె చేయించిన రాళ్ళు బరువైన బస్సులు ఎక్కినా పగల్లేదు. విరుదునగర్ మిరపకాయల మండీవాళ్ళు వాళ్ళ ఆవరణంతా అవే పరిపించుకున్నారు.

ఒకరోజు మండీ యజమాని భార్య ఆఫీసుకు వచ్చింది. కిటికీ దగ్గర నిలబడ్డ అళగమ్మాళ్‌ను చూసి, "పాపం, వీపంతా కాలిపోయిందే! ఎవరామె?" అంది.

శరవణకుమార్ కాగితాల్లో తల దూర్చాడు. అకౌంటెంటు దగ్గాడు. జోతి అమ్మ వైపు చూసింది. అళగమ్మాళ్ చూపు తిప్పుకుంది.

"ఇక్కడ పనిచేస్తారు" అంది జోతి.

పైపట్టె పైనే ఉంది. చెప్పమన్నట్టే చెప్పింది కూతురు. తప్పేమీ లేదు. అయినా ఆ రాత్రి అళగమ్మాళ్ అన్నం సగంలోనే వదిలేసింది. చేయి కడిగేసుకుని, "బాగానే చెప్పినావు" అంది. జోతి తల ఎత్తలేదు.

వానలు మొదలైన వారంలో చెన్నై నుంచి అవార్డు ఇచ్చేవాళ్ళు వచ్చారు. అట్టడుగువాళ్ళకు పని ఇచ్చే సంస్థల్లో మంచిదాన్ని ఎంచడానికి వచ్చారట. జోతి లోపల బొమ్మలు చూపిస్తూ రాళ్ళ తయారీ వివరిస్తోంది. బయట టిప్పరు వెనక్కి వస్తోంది. తడిసిన మన్ను మీద చక్రం జారింది. తొట్టిలో ఉన్న గోడ ముక్క ఒకటి అంచు దాటి దొర్లి, బల్ల దగ్గర నిలబడ్డ అళగమ్మాళ్ మీదికి వచ్చింది. మిగతావాళ్ళు ఒరిగి తప్పించుకున్నారు. ఆమె ఒరగలేకపోయింది.

కేక విని అందరూ కిటికీ వైపు తిరిగారు. ఆమె మోకాలి కింద కాలు గోడ ముక్క కింద ఉంది.

"ఏమైంది?" అన్నాడు వచ్చినవాళ్ళలో పెద్దాయన.

"వర్కరు ఒకరికి దెబ్బ తగిలినట్టుంది. మావాళ్ళు చూసుకుంటారు, మీరు కూర్చోండి" అన్నాడు శరవణకుమార్. చేత్తో జోతికి ఆగమని సైగ చేశాడు, ఆమె మంచికే.

"వర్కరు కాదు సార్. మా అమ్మ" అంది జోతి.

తమిళంలో అన్నది చాలలేదేమో, తెలుగులో ఇంకోసారి గట్టిగా అరిచింది. "మా యమ్మ! నేను అళగమ్మాళ్ కూతురిని! కాలనీ దాన్ని!"

పైపట్టె దిగింది. ఇన్నాళ్ళూ మోసపోయిన కోపం దానికి ఉన్నట్టుంది. రొమ్ము దగ్గర ఆగలేదు, నడుం దగ్గర ఆగలేదు. మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది. అంత కిందికి అది ఎవరికీ దిగలేదు.

జోతి నేల మీద పడుకుంది. మోచేతులతో పాకుతూ గడప దాటింది. చుడీదారు భుజం దగ్గర చిరిగి, తామర పువ్వు అంచు వీపు మీద గీరుకుపోయింది. వెనకనుంచి శరవణకుమార్, "మెల్లగా జోతీ, తల జాగ్రత్త!" అన్నాడు. గుమ్మాన్ని పైకి నెట్టాలని ఎవరికీ తోచలేదు.

విరుదునగర్ సర్కారు ఆసుపత్రిలో అళగమ్మాళ్ కాలు దక్కింది కానీ నిలబడే బలం దక్కలేదు. మెలకువ రాగానే కూతురి వీపు మీది గీత చూసి కొట్టబోయింది.

"ఒక్క మాట మింగితే పోయేది కదే! నన్ను ఎత్తేదానికి వాళ్ళు లేరా?"

"ముందు మింగింది ఇంకా గొంతులోనే ఉండాదిమా" అంది జోతి.

ఆమె తిరిగి యార్డుకు పోయింది. పట్టె మోకాళ్ళ దగ్గరికే దిగింది. శరవణకుమార్ కిటికీ కింద రేకుల నీడలో బల్ల వేయించి, "ఇక్కడ నుంచే పనిచెయ్యి జోతీ, గాలి కూడా బాగుంటుంది" అన్నాడు. వాన జల్లుకు బొమ్మల కాగితాలు తడిసిపోయేవి. కంప్యూటరు బయట పెట్టడానికి కుదరలేదు. కస్టమర్లు వస్తే లోపల మాట్లాడేవారు, ఆమెను పిలవడం అందరికీ ఇబ్బందిగా ఉండేది. అవార్డు వచ్చింది. కొన్నాళ్ళకు శరవణకుమార్ కళ్ళనీళ్ళతోనే, లోపల కూర్చోగలిగిన ఇంజనీరు లేకపోతే పని సాగడం లేదన్నాడు. సంగవి అనే అమ్మాయిని తీసుకున్నారు. జోతి సర్టిఫికెట్లు కిటికీలోంచి అందించారు.

జోతి కోవిల్‌పట్టిలో భవనాలు కట్టే కంపెనీలు తిరిగింది. ఆలంగుళం వైపు పోయి అక్కడా అడిగింది. అన్ని చోట్లా అద్దాల తలుపులు, వాటంతటవే తెరుచుకునేవి. ఏ గుమ్మమూ దిగలేదు. మర్యాదగా కూర్చోబెట్టి, మార్కులు చూసి మెచ్చుకుని, ఊరు ఏదని అడిగేవారు. ఊళ్ళో ఏ వీధి అని అడిగేవారు. ఆమె దాచలేదు. తర్వాత కబురు చేస్తామనేవారు.

ఆఖరి చోటు నుంచి వచ్చిన సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుని, "రేపటి నుంచి నీ తావులో నేను పోతాను. సార్‌ని అడిగినాను, సరే అన్నాడు" అంది.

అళగమ్మాళ్ తిట్టలేదు, ఏడవలేదు. కాలు ఆనించుకోవడానికి మంచం కోళ్ళకు కట్టిన పాత చీర విప్పి సన్నటి పేలికలుగా చింపింది.

"చెయ్యి ఇట్ల ఇయ్యి" అంది. "పాత సున్నం తోలు తినేస్తాది. వేలికి వేలికి విడిగా కట్టుకోవల్ల. ముడి లోపలికి రాకూడదు, సుత్తి జారతాది. చూడు, ఇట్ల."

బొటనవేలితో మొదలుపెట్టి, పాప వేళ్ళకు ఒక్కొక్కదానికీ గుడ్డ చుట్టసాగింది.