బేరానికి రాని మనిషి

వచ్చినవాడు సరుకుకు వంక పెట్టాడంటే కొనే ఉద్దేశం ఉన్నట్టేనని మోయిన్ లెక్క. ఏలూరులో తివాచీలమ్మే మనిషికి ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు. అందుకే ఇంటర్నెట్ ఫోరంలో డస్టీ అనే పేరుతో ఎవరో తను రాసిన కంప్యూటర్ ప్రోగ్రామును ఏకిపారేసినా అతను కంగారుపడలేదు.

అది రెండువేల ఐదు. మోయిన్ సాయంత్రాలు కోచింగుకు వెళ్లి టర్బో సిలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. తివాచీ కొలతలిస్తే ఏ రంగు ఊలు ఎంత కావాలో చెప్పే ప్రోగ్రాము రాశాడు. నేతగాళ్ల సొసైటీ వాళ్లు సోమవారం చూసి, బాగుంటే పెట్టుకుంటామన్నారు. చిన్నవాటికి లెక్క సరిగ్గానే వస్తోంది. పెద్ద తివాచీలకు మాత్రం ఊలు సున్నా కంటే తక్కువ చాలంటోంది. సొసైటీ ఎదుట అలా వస్తే ఇక మోయిన్ మాటకు విలువుండదు.

శనివారం సుమన నడిపే నెట్ సెంటర్లో కూర్చుని, ప్రోగ్రాము మొత్తం ఫోరంలో పెట్టి, అర్జెంటుగా సరిచేయమని రాశాడు. లెక్కలో అంకెలకు ఎ, ఎఎ, బి అని పేర్లు పెడితే చదివేవాళ్లకు ఏం తెలుస్తుందని డస్టీ అడిగారు. ఒకే లెక్క అన్నిచోట్ల ఎందుకు రాశారన్నారు. ఏ కొలతకు ఎంత రావాలో, ఎంత వచ్చిందో చెప్పలేదేమన్నారు.

ఇలాంటి సరుకు జిల్లాలో ఇంకెక్కడా దొరకదని, నచ్చకపోతే వేరేచోట చూసుకోవచ్చని మోయిన్ బదులిచ్చాడు. మెట్లు దిగిన గిరాకీ వెనక్కి తిరుగుతుందని టీ తాగుతూ ఎదురుచూశాడు. డస్టీ తిరగలేదు.

సుమన వచ్చి తెర చూసింది.

“ఏవండీ మోయిన్ గారూ, ఆ మనిషి కొనడానికొచ్చారా, మీరు బేరమాడుతున్నారు?”

“కొననివాళ్లకు ఇన్ని వంకలెందుకండీ?”

“చివరిదాకా చదవందే ఇన్ని దొరకవు కదండీ. ఊరికే చదివిపెట్టిన మనిషిని పొమ్మన్నారు మీరు.”

డస్టీ రాసినదంతా మోయిన్ మళ్లీ చదివాడు. తాను రాసి, తిరిగి చూసుకోని ఆఖరి భాగంలోని తప్పు కూడా అందులో ఉంది. ఇంత శ్రమకు ఆ మనిషికి మిగిలేదేమిటో ఎటునుంచి చూసినా తేలలేదు.

అన్నవన్నీ నిజమేనని, క్షమించమని రాశాడు. పేర్లు మార్చి, ఒక తివాచీ కొలతలతో సహా రావలసిన అంకె, వచ్చిన అంకె పెట్టాడు. కాసేపటికి జవాబొచ్చింది. తివాచీలో వేసే ముడుల లెక్కకు వాడిన అంకె రకం ముప్పైరెండు వేల పైచిలుకు దాకే పడుతుందని, దాటితే మైనస్‌లోకి తిరగబడుతుందని, పెద్ద రకం వాడమని. మళ్లీ ఇలాంటిది వస్తే మోయినే ఎలా పట్టుకోవచ్చో కూడా ఓపిగ్గా రాసి ఉంది.

మార్చి చూస్తే లెక్క కుదిరింది. బదులుగా ఏం పంపమంటారని అడిగాడు. ఏమీ వద్దు, సరిచేసింది ఇక్కడే పెట్టండి, ఇదే చిక్కులో పడ్డవాళ్లకు పనికొస్తుంది అన్నారు డస్టీ.

మోయిన్ చెయ్యి ఆగింది. అక్కడ పెడితే ఎదుటి కొట్టువాళ్లూ తీసుకోవచ్చు. అయినా ఒక్క వరుసా దాచకుండా పెట్టేశాడు.

సోమవారం సొసైటీలో అన్నిటికన్నా పెద్ద తివాచీ కొలతలే అడిగారు. సరిగ్గా వచ్చింది. కార్యదర్శి అబ్బులు సంతోషించాడు. ఫోరంలో ఒకరు సాయం చేశారని మోయిన్ చెప్తే, ఎవరని అడిగాడు.

“ఊరు తెలీదండీ. ఆడో మగో కూడా తెలీదు. ఏమీ తీసుకోలేదు.”

“ఏదీ ఆశించకుండా ఎవరు చేస్తారండీ?”

మోయిన్ అవే కొలతలు మళ్లీ కొట్టి, తెర మీదికొచ్చిన అంకెను చూస్తూ ఉండిపోయాడు.