చోటు లేదన్న కబురు

తౌనో పెట్టెను మళ్ళీ ఆపి, మళ్ళీ వెలిగించాడు. పొద్దుటి నుంచీ అదే పని. కోట్కా రేవులో ఓడలను లాగే పడవల మీద తాడు చుట్టే మరను నడిపే పెట్టె అది. దాని కెర్నెల్, అంటే లోపల అన్నిటినీ నడిపే మూల ప్రోగ్రాము, మొదటి నుంచీ తౌనో ఒక్కడే రాశాడు. లోపల మెమరీ బహు తక్కువ. ఏ ప్రోగ్రాముకి ఎంత ఇవ్వాలో అతనే హద్దులు గీశాడు.

పోయిన వారం నడిసముద్రంలో ఒక పెట్టె బిగుసుకుపోయింది. పడవవాళ్లు గొడ్డలితో తాడు నరికి బయటపడ్డారు. ఈ రోజు కారణం తేలకపోతే బయటి కెర్నెల్ కొంటామనీ, తౌనోకి ఇక పని ఉండదనీ పై అధికారి ఇన్కేరి చెప్పేసింది.

గురువారం కాబట్టి క్యాంటీన్‌లో బఠాణీ సూపు. ఆఫీసులో పక్క బల్ల దగ్గర పనిచేసే యౌని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం పెద్దాయనా, నీ పెట్టె ఇంకా అలిగే ఉందా?"

"ఆఁ."

"అచ్చం నీ పోలికే. ఏం కావాలో నోరు తెరిచి చెప్పి చావదు. నన్నో చెయ్యి వెయ్యమంటావా?"

"వద్దులే, తిను."

అతను ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. వెళ్లిపోతానన్న భార్యను ఉండమని అడగలేదు. రాసిన కోడు ఒకసారి చూడమని ఎవరినీ అడగలేదు.

మధ్యాహ్నం తప్పు దొరికింది. మెమరీ అయిపోతే కెర్నెల్ 'చోటు లేదు' అని కబురు రాసి, ఆ తరువాత పట్టుకున్న మెమరీని వదిలేయాలి. ఆ కబురు రాయడానికే అతను మళ్ళీ మెమరీ అడిగాడు. కబురు పూర్తయితే గాని చోటు ఖాళీ కాదు, చోటు దొరికితే గాని కబురు పూర్తి కాదు. కెర్నెల్ అక్కడే నిలబడిపోయింది. ఈ పనిలోకి వచ్చినవాళ్లు మొట్టమొదట నేర్చుకునే జాగ్రత్తే అది.

ఇన్కేరి కుర్చీ లాక్కుని విన్నది.

"సరిచెయ్యడం కష్టమా?"

"ఒక్క లైను. కబురుకి కావలసిన చోటు ముందే తీసి పక్కన పెట్టాలి."

"మంచిదే. ఇలాంటివి ఇంకా ఎక్కడైనా ఉన్నాయా, తౌనో?"

'లేవు' అనడానికి నోరు తెరిచాడు. తెరమీది వేల లైన్ల వైపు చూశాడు.

"తెలీదు."

ఆమె లేచి కుర్చీ వెనక్కి జరిపింది. "అయితే బయటిదే కొని పెడదాం. ఏమనుకోకు."

"ఊఁ."

ఆ ఒక్క లైనూ రాసి, పెట్టె సరిగా నడుస్తోందని చూసి, ఆఫీసులో వేసుకునే ఉన్ని చెప్పులు విప్పి, బూట్లు తొడుక్కుని బయటికి నడిచాడు తౌనో. చలికాలం కావడంతో సాయంత్రం కాకముందే చీకటి పడింది. సిగరెట్టుకి వెళ్లాడేమో అనుకుని యౌని అతని కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సాయంత్రం దాకా అతను తిరిగి రాకపోతే, చల్లారిన కాఫీని తనే పారబోశాడు.

బల్ల కింద తౌనో ఉన్ని చెప్పుల జత ఉండిపోయింది, మడమల దగ్గర అణిగి, గోడ వైపు తిరిగి.