బరువులెత్తొద్దన్న మాట

ఆ ఇంట్లో దుప్పట్లు తడిస్తే ఒక్కోటీ ఏనుగుపిల్లంత బరువు తూగేది. నమ్మరేం? పోనీ, దున్నపోతంత అనుకోండి. ఇన్నేళ్లుగా వాటిని పిండి మేడ మీదికి మోస్తున్నదెవరని ఎవరినడిగినా, "మోయడమేంటి, అవే ఆరిపోతాయిగా" అనేవారు.

మోస్తున్నది కోడలు. ఆమెకి రొమ్ములో క్యాన్సరని తేలింది. "ఆలస్యం వద్దు, ఆపరేషన్ చేసేద్దాం. తర్వాత రెండు నెలలు బరువులెత్తకూడదు, పడుకోవాలి" అంది డాక్టరమ్మ. మొగుడి మొహం పాలిపోయింది. ఈమెకి మాత్రం, వానకి బడి మూసేశారని తెలిసిన పిల్లలా లోపల ఏదో గంతేసింది. రెండు నెలలు! పడుకోవచ్చు!

మరుక్షణం తన మీద తనకే అసహ్యమేసింది. ఛీ, చావు గుమ్మంలో నిలబడితే సంబరపడే ఆడది ఉంటుందా? ఆయన కళ్లు తుడుచుకుంటుంటే తను దుప్పట్ల లెక్కలేసుకుంటోందా? ఆ తప్పు కడుక్కోవాలన్నట్టు, "నీ ఆడపడుచు పిల్లల్ని తీసుకుని సెలవులకొస్తోందమ్మా, ఆపరేషనేదో వాళ్లు వెళ్లాక పెట్టుకోరాదూ?" అని అత్తగారంటే సరేనని తలూపింది. "నీ వీలు చూసుకో" అన్నాడు మొగుడు. ఆ ఇంట్లో ఆమె వీలంటే మిగతావాళ్ల వీలే.

పొద్దున్నే దుప్పట్లు నానబెట్టి, వాయిదా అడగడానికి ఆసుపత్రికి వెళ్లింది. బెంచీ మీద పక్కన, గుండుకి రుమాలు కట్టుకున్న కుట్టుపనామె.

"మొదటిసారా? ఏడుపు రావట్లేదా?"

"రావట్లేదక్కా. పడుకోమన్నారని సంతోషమేసింది. నేనసలు మనిషినేనా?" నోరు జారింది.

కుట్టుపనామె నవ్విన నవ్వుకి మందుల కొట్లో సీసాలన్నీ గలగలమన్నాయి. "ఓసి పిచ్చిదానా! ఇంకో నెల కలిపి చెప్పమని నేను డాక్టరమ్మ కాళ్లే పట్టుకున్నా. అది రోగమొచ్చిన సంతోషం కాదే. నడుం వాల్చనిచ్చిన సంతోషం. ఎంత అలిసిపోయావో చూసుకో." కోడలి చెయ్యి అందుకుంది. "ఆపరేషన్ రోజు వస్తాలే. నీ చెయ్యి పట్టుకోవడం నాకేం బరువు కాదు."

అప్పుడొచ్చింది ఏడుపు.

ఇంటికొచ్చేసరికి బకెట్లో దుప్పట్లు పొద్దున పెట్టినట్టే ఉన్నాయి.

"వాయిదా వేశారా?" అడిగింది అత్తగారు.

"నేనడగలేదత్తయ్యా. ఎల్లుండే చేరుతున్నాను."

"అయ్యో, మరి పిల్లలొస్తారే! ఈ దుప్పట్ల సంగతో?"

అలవాటుగా వంగబోయిన నడుం సగంలో ఆగింది. గుండె ఇంకా దొంగతనం చేసినట్టే కొట్టుకుంటోంది. కొట్టుకోనీ అనుకుంది.

"అవే ఆరిపోతాయి లెండి, అత్తయ్యా" అని వెళ్లి పడుకుంది.