వెయ్యితో హెచ్చవేసే వరస

బ్లడ్ బ్యాంకు తెర మీద నాలుగు వందల పన్నెండు రక్తం సంచులకూ గడువు 1970 జనవరిలోనే తీరిపోయిందని ఎర్రక్షరాలు వెలిగాయి.

"అక్కడ నర్సులు ఒక్కో సంచీ చీటీ కళ్లతో చదువుకుంటున్నారు!" మేనేజరమ్మ ప్రోగ్రామర్ల గదిలోకి దూసుకొచ్చింది. "ఇది రాసిందెవరు?"

"నేనే మేడమ్," అన్నాడు చిన్నల్లుడు.

పక్క కుర్చీలో పెద్దల్లుడు కాఫీ కప్పులోంచి తలెత్తలేదు. ఒకే ఇంటి అల్లుళ్లు, ఒకే ఆఫీసు. పదేళ్లుగా ప్రోగ్రాముల్లో టైము లెక్కలన్నీ తనవే. అందరూ 'గడియారం మాస్టారు' అనేవారు. ఈ తోడల్లుడు చేరి ఏడాది తిరక్కుండా ఆ పేరు కాస్తా ఎగరేసుకుపోయాడు. ఆదివారం భోజనాల దగ్గర మామగారి నోట 'మా చిన్నల్లుడు' తప్ప మరో మాట లేదు. తనకి ముద్ద గొంతు దిగేది కాదు.

చిన్నల్లుడు చకచకా వెతికాడు. సంచుల మీద చీటీ వేసే యంత్రం సెకన్లు పంపుతుంది, తెర మిల్లీసెకన్లు చదువుతుంది. మధ్యలో వెయ్యితో హెచ్చవేసే ప్రోగ్రాము వరస ఎగిరిపోయింది. కంప్యూటరు కాలాన్ని 1970 జనవరి ఒకటి నుంచి లెక్కపెడుతుంది కాబట్టి, తేదీలన్నీ అక్కడే ఆగిపోయాయి.

మేనేజరమ్మ తెరలోకి వంగింది. "తీసింది నీ కంప్యూటర్లోంచే. నిన్న సాయంత్రం అయిదింటికి. ఇక ఆసుపత్రి పనిలో నువ్వుండవు."

పెద్దల్లుడి కడుపు చల్లబడింది. "పోనీలెండి మేడమ్, చిన్నవాడు," అన్నాడు పెద్దరికంగా.

"అయిదింటికా? నాలుగింటికే వెళ్లిపోయా కదా!" అన్నాడు చిన్నల్లుడు. "మామయ్యగారిని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లా. అన్నయ్యకి మూడుసార్లు ఫోన్ చేశారట, ఎత్తలేదని నన్ను పిలిచారు."

నిజమే. నిన్న సెలవులో ఉండి కూడా, చిన్నల్లుడి భజన వినలేక తను ఫోనెత్తలేదు.

"మరి నీ పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?"

చిన్నల్లుడు పక్క కుర్చీ వైపు చూశాడు. చూపు దించుకున్నాడు. "ఎవరికీ తెలీదు మేడమ్. నా పొరపాటే అయ్యుంటుంది. నన్ను తప్పించెయ్యండి."

పుండు మీద కారం చల్లినట్టయింది. ఇక్కడా వీడే పెద్దమనిషా? పెద్దల్లుడు కప్పు ఠక్కున బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసు. అవసరమైతే వాడుకో అన్నయ్యా అని వీడే చెప్పాడు. ఇవాళ పొద్దున ఏడింటికే వచ్చి, వీడి కంప్యూటర్లో గడియారం వెనక్కి తిప్పి, ఆ వరస తీసేసింది నేనే మేడమ్. వీడు తిట్లు తింటుంటే ఒక్కసారి చూడాలనిపించింది. తీరా చూస్తే, తిట్లు తినడంలో కూడా నాకంటే వీడే నయం."