మూడో అంతస్తు మలుపు

నగరంలో చచ్చినవాళ్ళకు ఆరడుగుల నేల కరువయ్యాక, ఐదంతస్తుల సమాధి భవనాన్ని గీసింది నేను. కట్టింది మా బావ. బతికున్నవాళ్ళకు ఇరుకిళ్ళు కట్టి కట్టి చేయి తిరిగిన మనిషి. మొదటి శవపేటిక వచ్చిన రోజు, మా ఇంట్లో పెళ్ళన్నట్టు ఇద్దరం కొత్త బట్టలేసుకుని నిలబడ్డాం. సిగ్గుండాలి.

ఆరుగురు పేటికను భుజాల మీద ర్యాంపు ఎక్కించారు. మూడో అంతస్తు మలుపులో ఇరుక్కుంది.

"నిలబెట్టి తిప్పండ్రా, అర నిమిషం పని" అన్నాడు బావ.

పోయినామె కొడుకు వద్దని అరిచేలోపే పేటిక నిలువుగా లేచింది. లోపల శరీరం జారి, కాళ్ళు అడుగు చెక్కకు ధడేలున తగిలాయి. అందరం విన్నాం.

కొడుకు వెల్డరు. ఒక్క గుద్దుకు బావ పళ్ళు రెండు రాలాయి. అడ్డొచ్చిన సొంత తమ్ముణ్ణి గోడకేసి కొడితే వాడి భుజం జారింది. మిగతావాళ్ళు హడలిపోయి పేటికను కిందికి దించారు.

"తొమ్మిది నెలలు ఊపిరాడక కూర్చునే నిద్రపోయిందిరా మా అమ్మ! ఇప్పుడైనా హాయిగా పడుకోబెడతానని మాటిచ్చా. నిలబెడతారా? ఎవడ్రా ఈ మలుపు గీసింది?"

బావ నెత్తురు నోటితోనే నావైపు వేలు చూపించాడు. చుట్టరికమంటే అదీ.

"నేనే" అన్నాను. "ఖాళీ పెట్టెను చక్రాల బండి మీద తిప్పి చూశాం, తిరిగింది. మోసేవాళ్ళ భుజాలు కొలవలేదు."

అతను నా గొంతు పట్టుకుని గోడకేసి బాదాడు. తల పగిలి వీపంతా తడిసింది. ఊపిరాడక గిలగిల్లాడుతున్న నన్ను చూసి ఏం గుర్తొచ్చిందో, వదిలేశాడు.

మూలన పనివాళ్ళ సమ్మెట ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా అందుకున్నాను.

"పిచ్చి పట్టిందా మరదలా? నా కొంప ముంచుతావా?" అంటూ బావ అడ్డం పడ్డాడు. ఒక్క తన్ను తన్నాను. అక్క ఏమనుకుంటే అనుకోనీ.

మలుపు లోపలివైపున్నది బరువు మోసే గోడ కాదు, ఉత్త అడ్డుగోడ. నా అరచేతులు చిట్లేదాకా కొట్టాను. కొడుకు వట్టి చేతులతో ఇటుకలు పీకాడు. ఇద్దరం బూతులు తిడుతూనే ఉన్నాం, ఎవర్నో తెలీదు.

పేటిక మళ్ళీ లేచింది. తమ్ముడు చెయ్యెత్తలేకపోయాడు.

"రండి, ఒక భుజం తగ్గింది" అన్నాడు కొడుకు నాతో.

వెళ్ళి భుజం పట్టాను. ఇటుక ముక్కల మీద నా కాలు తడబడింది. ముందున్న అతను వెనక్కి తిరక్కుండానే అన్నాడు:

"మెల్లగా. అమ్మ పడుకుంది."