భూలక్ష్మి నీడ ఆరోగ్యం

పొద్దున ఆరింటికి మైత్రీవనం వెనక సందులో మూడో అంతస్తు తలుపు తెరుచుకుంటుంది. భూలక్ష్మి నీడ ఒక్కతే మెట్లు దిగి నడకకు వెళుతుంది. భూలక్ష్మి మాత్రం పొయ్యి దగ్గరే. మొగుడు మహిపాల్‌కి చాయ్, అత్త చిలకమ్మకు రాగి జావ, మళ్లీ మహిపాల్‌కే ఇంకో చాయ్.

రెండేళ్ల కింద గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసినప్పుడు డాక్టర్ హైమవతి గట్టిగానే చెప్పింది. రోజూ గంటసేపు నడవాలి, ఒంటికి ఎండ తగలాలి, మూడు నెలలు దాటాక మెల్లగా బరువులెత్తాలి, లేకుంటే ఎముకలు గుల్లబారతాయి అని. ఆ గంట తీరిక ఆమెకు ఇచ్చే తీరిక ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని నీడే బయల్దేరింది. ఇడ్లీ బండి ఆయన నేలవైపు చూసి "బాగున్నవా అక్కా?" అని పలకరించేవాడు. ఏడాదికల్లా నీడ సన్నబడి నిటారుగా తయారైంది. చూస్తే భూలక్ష్మికే ఒళ్లు మండేది.

ఒకసారి రెండు కిలోల డంబెల్ కొనుక్కుంటే చిలకమ్మ గుండెలు బాదుకుంది.

"గర్భసంచి తీసినోళ్లు జిందగీల బరువులెత్తొద్దే! దింపు, దింపు!"

దింపింది.

"ఆఁ, కింద నీళ్ల క్యాన్ వచ్చింది. జర పైకి తే."

ఇరవై లీటర్లు, మూడంతస్తులు. తాగేవాళ్లకు క్యాన్ బరువెందుకు తెలుస్తుంది?

మొన్న స్కాన్‌లో తుంటి ఎముక పలచబడిందని తేలింది. "జారి పడితే విరుగుతుంది. నడవట్లేదా మీరు?" అని హైమవతి కసిరింది.

ఇంటికొచ్చి చెబితే మహిపాల్ అమాయకంగా అన్నాడు: "నీ నీడ నడుస్తుంది గద? వచ్చేటప్పుడు పాల ప్యాకెట్ సుత తెమ్మను."

భూలక్ష్మి అప్పుడే మోసుకొచ్చిన క్యాన్‌ని అతని ముందు దభీమని దింపింది.

"ఎముకలు నావయ్యా! విరిగితే మంచంల పడేది నీడనా? కోతలు నాకు, కుట్లు నాకు, కూసున్నకాడికి చాయ్ మీకు! జర సిగ్గుండాలె!"

గోడ మీద నీడ అంతా విన్నది.

మర్నాడు ఆరింటికి అది తలుపు దగ్గరికి పోలేదు. వంటింట్లోకి పోయి పొయ్యి ముందు నిలబడ్డది. భూలక్ష్మి దాన్నొకసారి చూసి, చెప్పులేసుకుని, తానే మెట్లు దిగింది.

శ్రీనగర్ కాలనీ మలుపులో ఫోన్ మోగింది. మహిపాల్.

"భూలక్ష్మీ! గ్లాసు నిండా ఉన్నది గని నోట్లెకు ఏం వస్తలేదే!"

"నీడ పెట్టిన చాయ్ గట్లనే ఉంటది. లేచి నువ్వే పెట్టుకో. అత్తమ్మకు జావ సుత."

ఏడాది తర్వాత కొత్త స్కాన్ చూసి హైమవతి కళ్లద్దాలు సర్దుకుంది.

"ఎముక తరగడం ఆగిందే! ఏం చేస్తున్నారమ్మా?"

"నేనే నడుస్తున్న మేడమ్," అంది భూలక్ష్మి.